జలపతి సాంచ

సాయమ్మ నూలు కండెలు చుడుతూనే ఖాళీగా ఉన్న మరమగ్గం వైపు చూసింది. దాన్ని నడిపే జలపతి దుబాయి పోయినప్పటి నుంచి ఆ సాంచ అట్లాగే పడి ఉంది. సిరిసిల్లలో కండెలు చుట్టేది ఆడవాళ్లు, సాంచ నడిపేది మగవాళ్లు. అట్లా ఎవరు పెట్టారో తెలియదు, అడిగినవాళ్లూ లేరు. భర్త ఇదే కార్ఖానాలో పనిచేసేటప్పుడు, అతను చాయకు పోతే ఆమె సాంచ చూసేది. తెగిన పోగు అతనికంటే తొందరగా అతికేది. "బయట చెప్పకు, నా ఇజ్జత్ పోతది" అనేవాడు. ఆయన చనిపోయాక అత్త ఇంకొకటి నేర్పింది: సాంచకు పడుగు చుట్టిన కొత్త భీము ఎక్కించి కొబ్బరికాయ కొట్టేటప్పుడు ముండమోసింది ఎదురుగా ఉండకూడదు. అప్పుడల్లా సాయమ్మ పెరట్లోకి పోయి, మురికి లేని చేతులు కడుగుతూ నిలబడేది.

మొన్న తెలంగాణ బంద్ రోజు మగవాళ్లంతా రోడ్డు మీద వంటావార్పుకు పోయారు. కార్ఖానా ఆసామి బాలరాజు షటరు దించి, "వదినె, జర జలపతి సాంచ నడుపవా?" అన్నాడు. బయట మైకు హోరులో చప్పుడు వినపడదని అతని ధైర్యం. ఆ పగలంతా ఆమె గుడ్డ నేసింది. ఆకలి గుర్తు రాలేదు. విధవ చెయ్యి ఆ పూట ఎవరికీ అడ్డం రాలేదు.

మరునాడు ఆ సాంచ తనకే ఇమ్మని అడిగింది. బాలరాజు కోప్పడలేదు, నవ్వాడు. "ఆడోళ్లను సాంచ మీద పెడితే లేబరాఫీసరు నన్ను పట్టుకపోతడు వదినె. చట్టం ఒప్పుకోదు." ఏ చట్టమో అతనికీ తెలియదు. మగవాళ్లూ నవ్వారు. నౌకరీలలో మా వాటా మాకేదని ముందు రోజే బంద్‌లో గొంతులు చించుకున్నవాళ్లు.

ఇప్పుడు మళ్లీ బంద్. "మొన్నటి లెక్కనే వదినె" అంటూ బాలరాజు షటరు దించుతుంటే చీకటి ఆమె ఒళ్లోకి వచ్చింది. కాదంటే చుట్టే పని కూడా పోవచ్చు. ఇంకో కార్ఖానాకు పోయినా ఇదే కండెల మూల. ఔనంటే షటరు దించి ఉన్నంతసేపే ఆ సాంచ. చేతులు మాత్రం దాని వైపే గుంజుతున్నాయి.

సాయమ్మ లేచింది. సాంచ దగ్గరికి పోలేదు.

"ఇయ్యాల నేను గూడ బంద్‌ల ఉన్న సేటూ."

"సరే తియ్యి. రేపటికి కండెలన్న చుట్టిపెట్టు."

"కండెలు గూడ బందే."

"బంద్ సాయంత్రం దాకనే గదా వదినె."

"అది వాళ్లది. నాది, గా సాంచ ఇచ్చేదాక."