పడుగు లేని గోడ

మా నాయన మంచివాడని బంధువులు అనడం మొదలుపెట్టాక నాకు భయం పట్టుకుంది. అంతకుముందు ఆయన్ను ఎవరూ అలా అనలేదు. నగరిలో మరమగ్గాలు నడిపినన్నాళ్లూ దామోదరం అంటే తగాదాకోరు అనే పేరు. నూలు బాగాలేకపోతే తెచ్చినవాడి ముందే విసిరేసేవాడు. పెళ్లికి పిలిస్తే పెళ్లికొడుకు పంచె అంచు పట్టుకుని, ఇది ఎవరు నేశారని అక్కడే పంచాయితీ పెట్టేవాడు. మగ్గాల చప్పుడు మీద వినిపించేలా అరవడం అలవాటైన గొంతు అది.

మగ్గాలు అమ్మేసి వడమాలపేటలో ఇల్లు కట్టడం మొదలుపెట్టాక ఆ నోరు మూతబడింది. వాకిలి ఎటు పెట్టాలని అడిగినా, వంటగది ఎక్కడని అడిగినా “మీ ఇష్టం” అనేవాడు. నేను శ్రీ సిటీలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి సంగతులు ఫోన్లోనే చక్కబెట్టేదాన్ని కాబట్టి, ఈ మంచితనం నాకు మొదట్లో సుఖంగానే ఉండేది. అమ్మకు మాత్రం నిద్ర పట్టేది కాదు. చౌడేశ్వరమ్మ అని పేరు, ఆ పేరుకు తగ్గ గొంతు ఆమెది. మొగుడితో పోట్లాడకుండా పూట గడపడం ఆమెకు చేతకాదు. ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచింది.

“మీ నాయన నన్ను ఒక్క మాటన్నా అని ఎన్నాళ్లయిందో తెలుసునా? ఇల్లు లేస్తా ఉండాది గానీ, మనిషి కూలిపోతా ఉండాడు మే.”

నవ్వబోయి, ఆమె కళ్లు చూసి మానుకున్నాను.

గోడలు పైకప్పు దాకా లేచాక, వాటికి సిమెంటు పూత పూయకూడదని అమ్మ పట్టుబట్టింది. ఆమె బట్టీ దగ్గర నిలబడి ఏరి తెచ్చుకున్న ఇటుకలవి, కనబడి తీరాలి. ఇటుకల మధ్య సందులు మాత్రం రంగు సిమెంటుతో నింపాలి, పాలెక్కువైన కాఫీ రంగు కావాలి. మేస్త్రీ ఖాదర్ బాషాది పుత్తూరు. పనిలో గట్టివాడు, నవ్వడంలో ఇంకా గట్టివాడు. దానికేముంది, ఏ పూటకు ఆ పూట రంగు పొడి కలిపి నింపేస్తానన్నాడు.

ఇసుక కుప్ప మీద కూర్చున్న నాయన తలెత్తాడు. పూటకొకసారి కలిపితే రంగు తేడా వస్తుందని, ఒక కాగులో అద్దిన నూలుకూ ఇంకో కాగులో అద్దిన నూలుకూ ఎప్పుడూ పొంతన కుదరదని, కావలసిందంతా ఒకేసారి పొడిగా కలిపి పెట్టుకోవాలని చెప్పాడు. అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడి చాలా రోజులైంది. చెప్పేసి మళ్లీ తల దించుకున్నాడు. అమ్మ ఆ సందు వదల్లేదు. ఇల్లంతటికీ ఎంత సరుకు పడుతుందో లెక్క ఆయనే చెప్పాలంది. ఆయన అలవాటుగా “మీ ఇష్టం” అన్నాడు. తన ఇష్టం అదేనంది అమ్మ.

మర్నాడు నాయన టేపు పట్టుకుని గోడల చుట్టూ తిరిగాడు. నేత మనిషికి ఏది చూసినా గుడ్డలాగే కనిపిస్తుంది కదా. ఇటుకల వరసల మధ్య అడ్డంగా పోయే సందులు పేక. ఇటుకకూ ఇటుకకూ మధ్య నిలువు సందులు పడుగు. గోడ వెడల్పులో పడుగు పోగులు ఎన్ని పడతాయో లెక్కపెట్టి, గోడ ఎత్తుతో హెచ్చవేశాడు. పేకనూ అలాగే కొలిచాడు. గజం సందుకు ఎంత సరుకు పడుతుందో తన చేత్తోనే నింపి చూసుకున్నాడు. సాయంత్రానికి ఆయన మొహంలో కాస్త రంగు కనబడింది. ఖాదర్ బాషాకు ఎన్ని మూటలు కలపాలో చెప్పి, ఒక్క పిడికెడు కూడా తగ్గకూడదన్నాడు.

తగ్గలేదు. ఇల్లంతా ఒకే రంగులో వచ్చింది, దారిన పోయేవాళ్లు ఆగి చూసేటంత బాగా వచ్చింది. కానీ పని ముగిశాక ఒక మూట నిండుగానూ, ఇంకో మూట సగమూ మిగిలిపోయాయి. లెక్క ఎలా వేశావప్పా అని ఖాదర్ బాషా అడిగాడు. నాయన గోడ దగ్గరికి తీసుకెళ్లి పడుగూ పేకా చూపించాడు. అది విని ఖాదర్ బాషా కడుపు పట్టుకుని నవ్వాడు.

“అప్పా, గుడ్డలో పడుగు పైనుంచి కింద దాకా పోతాది. గోడలో యాడ పోతాది? కింది సందు మీద ఇటికె పెట్టి కట్టేస్తాము గదా. వరస వరసకీ తెగిపోతాది. గోడకు పడుగు లేదప్పా.”

నిజమే. ఒక వరసలో సందు ఉన్నచోట, దాని పై వరసలో ఇటుక నడుమ భాగం ఉంటుంది. నాయన రెండు వరసల సందులనూ కలిపి లెక్కపెట్టి, ప్రతిదాన్నీ గోడ పొడుగునా పారించాడు. నిలువు సందులన్నీ రెట్టింపు అయ్యాయి. నేతగాడి బుర్రకు పోగు మధ్యలో తెగడమనేది తట్టదు.

నాయన వెళ్లి తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. అమ్మ ఖాదర్ బాషాను కొరకొరా చూసింది. పాపం ఆయన నవ్వు ఆపేసి, మిగిలితే మిగిలిందిలే అక్కా అని గొణిగాడు. అయిపోయింది, ఈ మనిషి ఇక ఈ జన్మలో నోరు విప్పడు అనుకున్నాను నేను.

నాయన తడిచేతులతోనే తిరిగి వచ్చాడు. గోడను చాలాసేపు చూశాడు.

“తెగిపోతాదని నువ్వు చెప్తే సరిపోయిందా? తెగకుండా ఎందుకు కట్టకూడదు?”

అలా కడితే సందు పొడుగునా పగులిస్తుందని, గోడ నిలవదని మేస్త్రీ చెప్పాడు. బరువు మోసే గోడ కాకుండా, వరండా ముందు మోకాలెత్తు గోడ అయితే ఎందుకు నిలవదని నాయన అడిగాడు. అలా ఎవరూ కట్టరన్నాడు ఖాదర్ బాషా. ఎవరూ కట్టకపోతే నువ్వు కట్టవా, ఇంతకాలం చేతిలో తాపీ ఎందుకు పట్టుకున్నావని నాయన గొంతు లేచింది. మేస్త్రీ గొంతూ లేచింది. ఆ గోడ నా పేరు చెడగొడుతుందని ఆయన, నీ పేరు నా ఇంటికి ఎందుకని ఈయన. రోడ్డు మీద స్కూటర్లు ఆగాయి. నేను మధ్యలోకి పోబోతే అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“పోవద్దు మే. అరవనీ.”

ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, మొహం నిండా నవ్వు ఉంది.

చివరికి రెండు వరసలకొకసారి మధ్యలో సన్న ఇనుప కమ్మి పరుస్తానన్న షరతు మీద ఖాదర్ బాషా దిగివచ్చాడు. మిగిలిన ఇటుకలను ఒకదాని నెత్తిన ఒకటి సూటిగా పేర్చి, మిగిలిన కాఫీ రంగు సరుకుతో సందులు నింపాడు. నాయన వంగి వంగి చూస్తూ ప్రతి ఇటుకకూ వంక పెట్టాడు. పూర్తయ్యాక వెనక్కి జరిగి చూస్తే, మా నగరి గళ్ల లుంగీ ఆరేసినట్టు ఉంది. ఖాదర్ బాషా తను కట్టుకున్న లుంగీ వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసుకుని, దీన్ని నేనే కట్టినానని చెప్పుకుంటానప్పా అన్నాడు.

ఇంట్లో చేరిన మొదటి వారమే అమ్మ ఆ గోడ మీద దుప్పటి ఆరేసింది. గోడ కనబడకుండా దుప్పటి వేసే బుద్ధి మీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా అని నాయన లంకించుకున్నాడు. పుట్టింటి మాట ఎత్తితే అమ్మ ఊరుకుంటుందా? తెల్లవారి నేను కంపెనీ బస్సు ఎక్కే దాకా ఇద్దరి గొంతులూ వీధి మలుపు వరకూ వినిపిస్తూనే ఉన్నాయి.

డ్రైవరు తలుపు తీస్తూ, ఇంట్లో ఏమన్నా గొడవనా అని అడిగాడు.

“అవునన్నా,” అన్నాను, “మా నాయనకు బాగైంది.”