సగం గుత్తులు నేలమీద

ఏ ద్రాక్షతోటకు వెళ్లినా మొదటి రోజు నేను వైన్ రుచి చూడను. గ్లాసు చేతికిచ్చినా పక్కన పెట్టి, బూట్లు మార్చుకుని తోటలోకి నడుస్తాను. ఓనర్లకు ఇది నచ్చదు. వాళ్లు నన్ను పిలిపించేది కొత్త పీపాలు చూపించడానికి, ఏ ఈస్ట్ వాడాలో అడగడానికి. వైన్ మంచిచెడ్డలు తోటలోనే తేలిపోతాయని, పీపాల గదిలో మనం చేయగలిగింది దాన్ని పాడు చేయకుండా ఉండటమేనని చెబితే మొహాలు మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. కాలిఫోర్నియా ఎస్టేట్లకు ఏడేళ్లుగా సలహాలిస్తున్నాను. నా మాట విని చెడిపోయినవాళ్లు ఇంతవరకు లేరు.

1983 జూలైలో ఉదయ్ ఫోన్ చేశాడు. సన్నీవేల్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. శాంటా క్రూజ్ కొండల్లో నాలుగెకరాల ద్రాక్షతోట కొని రెండేళ్లుగా వైన్ చేస్తున్నాడు. రెండేళ్లూ అది పలచగా, రంగు కలిపిన నీళ్లలా వచ్చింది.

"విజయశ్రీ గారూ, ఫ్రెంచ్ బ్యారెల్స్ తెప్పించాను, టెంపరేచర్ కంట్రోల్ పెట్టించాను. ఇంకా ఏం మిస్ అవుతున్నానో అర్థం కావట్లేదు" అన్నాడు.

వెళ్లి చూశాను. తీగలు అడవిలా అల్లుకుపోయి ఉన్నాయి. ఒక్క చెట్టుకి ఇరవై ఆరు గుత్తులు లెక్కపెట్టాను. బూటు కొనతో నేలను తవ్వితే నడి వేసవిలో బురద తేలింది.

"నీళ్లు ఎవరు పెడుతున్నారు?"

"నాన్న. ఏటా మార్చ్‌లో వస్తారు, పంటయ్యాక వెళ్తారు. హైదరాబాద్ పక్కన ముప్పై ఏళ్లు అనాబ్ షాహీ ద్రాక్ష పండించారు. దిగుబడిలో ఫస్ట్ వచ్చినందుకు ఎగ్జిబిషన్‌లో కప్పు కూడా ఇచ్చారు." అతను గొంతు తగ్గించాడు. "ప్రాబ్లమ్ నాన్నదే అయితే స్ట్రెయిట్‌గా చెప్పండి. టికెట్ బుక్ చేసి పంపించేస్తాను. మేనేజర్‌ని హైర్ చేసుకుంటాను."

నాకు ఒళ్లు మండింది. అతను అన్నది నిజం కావడంవల్ల ఇంకా మండింది. తప్పు ఆ తండ్రిదే. తినే ద్రాక్షకు పెద్ద కాయ కావాలి, నిండా రసం కావాలి. వైన్‌కి చిన్న కాయ, మందమైన తోలు కావాలి; రంగూ రుచీ ఆ తోలులోనే ఉంటాయి. ఆయన ముప్పై ఏళ్ల అలవాటుకొద్దీ వైన్ ద్రాక్షను తినే ద్రాక్షలాగే పెంచుతున్నాడు. ఆ ముక్క చెబితే ఆయన విమానం ఎక్కుతాడు. కాఫీ ఇస్తూ ఉదయ్ భార్య శాంతి నాతో అన్న మాట చెవిలోనే ఉంది. "అపార్ట్‌మెంట్‌లో ఉంటే మామయ్య గారు కిటికీ దగ్గర కూర్చుని కార్లు చూస్తుంటారండీ. తోట కొన్నాకే కడుపునిండా తింటున్నారు."

నిజం దాచడం నా వల్ల కాదు. కానీ దాన్ని ముందుగా ఎవరికి చెప్పాలన్నది నా ఇష్టం. "ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి" అన్నాను.

వాళ్ల నాన్న నరసింహ గారు స్వెటర్ మీద తువ్వాలు వేసుకుని, నీళ్ల పైపు పట్టుకుని వరుస చివర నిలబడి ఉన్నారు.

"ఎట్లున్నయ్ బిడ్డా కాయలు?"

"చూడముచ్చటగా ఉన్నాయి బాబాయ్ గారూ. వైన్‌కి మాత్రం పనికిరావు."

ఆయన పైపు కట్టేశారు. "జర సోంచాయించి మాట్లాడు. ఇంత కాపు ఈ చుట్టుపక్కల ఎవ్వనికి లేదు."

"అక్కడ మీకు బత్తాయి తోట కూడా ఉండేదా?"

"ఉండె."

"పూతకు ముందు నీళ్లెందుకు ఆపేవారు?"

"ఆపకుంటే ఉత్త ఆకే వస్తది. చెట్టుకు జర తిప్పలైతేనే మంచి కాయ..." అని ఆగిపోయారు. తల తిప్పి తీగల వంక చూశారు. తోట తెలిసినవాళ్లకు ఆపైన చెప్పాల్సింది ఉండదు.

ఒక్క వరుసకు నీళ్లు ఆపమన్నాను. చెట్టు సారమంతా వాటికే పోయేలా పదిహేను గుత్తులు ఉంచి మిగతావి కోసేయమన్నాను.

"పెంచినోనితోనే కోపిస్తవా?"

"ఏ గుత్తిని ఉంచాలో మీకు తెలిసినంత నాకు తెలియదు." అది ముఖస్తుతి కాదు.

మొదటి గుత్తిని కోసి ఆయన కింద పడనివ్వలేదు. ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వంగి నేలమీద పెట్టారు.

మూడు వారాలకు ఉదయ్ నుంచి ఫోన్. "నాన్న తోట మొత్తానికి నీళ్లు ఆపేసి గుత్తులు కోసేశారు. మీరే చెప్పారా?"

వెంటనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. నాలుగెకరాల్లోనూ పచ్చి గుత్తులు నేలమీద ఎండుతున్నాయి. చెట్టుకి పన్నెండే మిగిలాయి.

"నేను ఒక్క వరుసే చెప్పాను" అన్నాను. ఒకరి తప్పు నేను మోయను, ఒకరి ఘనతా లాక్కోను.

"ఆమె ఒక్కటే వరుస చెప్పింది, కోసింది నేను" అన్నారు నరసింహ గారు. "ఒక్క వరుస మంచిగై కడమదంత నీళ్లైతే మళ్ల ఏడాది దాంక ఆగుమంటవా? నాకు డెబ్బై ఒకటి నిండినయ్. తప్పు నాదని తెలిసినంక వరుసలు లెక్కపెట్టుకుంట కూసోవాల్నా?"

"ఈసారి కూడా పోతే తోట అమ్మేస్తాను నాన్నా."

"అమ్ము."

సెప్టెంబర్‌లో కాయలు చిన్నగా, నల్లగా దిగాయి. తూకం సగమే వచ్చింది. నరసింహ గారు ఒక కాయ నోట్లో వేసుకుని తోలు నములుతూ ఉండిపోయారు. "నా అనాబ్ షాహీకి గూడ గిట్లనే చేయాల్సి ఉండెనా?" అని మెల్లగా అడిగారు.

"లేదు బాబాయ్ గారూ. అది తినే కాయ. దానికి మీరు చేసిందే కరెక్ట్" అన్నాను. ఆయన మొహం తేటపడింది.

మళ్లీ జూలై వచ్చింది. పీపాలోంచి తీసిన ఆ వైన్ గ్లాసు అందుకుని నోట్లో పోసుకున్నాను. చిక్కగా ఉంది, మింగాక కూడా రుచి నాలుకమీద నిలిచింది. ఉదయ్ కూడా తాగి స్టూల్ మీద కూర్చుండిపోయాడు. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు, "మరి మేనేజర్ సంగతి ఏం చేద్దామంటారు?"

"నలభై ఎస్టేట్లు చూశాను. గుత్తులు కోయమంటే ప్రతి ఓనరూ నాతో బేరమాడినవాడే. నేను చెప్పినదానికంటే ఎక్కువ కోసింది ఒక్క మనిషే. ఆయన్ని పంపించేస్తే మీ ఇష్టం. నన్ను మాత్రం మళ్లీ పిలవకండి."

అతను లేచి తోటలోకి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. మొదటి వరుసలో తండ్రి కత్తెరతో ఉన్నారు. ఉదయ్ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.

"నాన్నా, ఈ ఏడాది చెట్టుకి ఎన్ని ఉంచాలి?"

తోట గురించి అతను తండ్రిని అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"లెక్క చెప్తే రాదురా. చెట్టుచెట్టుకు మారుతది. ఆఫీస్‌కి పోయేది ఉన్నదా?"

"లేదు."

"అయితే ఈ కత్తెర పట్టు."

ఉదయ్ ఒక గుత్తి కోశాడు. అది పడిన చోటునే చూస్తూ ఆగిపోయాడు.

"కిందికి చూడకు బిడ్డా" అన్నారు నరసింహ గారు. "చెట్టును చూడు."