నవ్వు దిగేదాకా

మధ్యాహ్నానికి బేబీ బుగ్గ బంతిలా వాచిపోయింది. జ్ఞానదంతం. పన్ను పీకిన డాక్టరు, ఇవాళ నోరు విప్పడానికి వీల్లేదని చెప్పి పంపాడు.

"హాస్య సంగీత నాటకంలో నాయిక నోరు విప్పకపోతే ఇంకేం హాస్యం, ఇంకేం సంగీతం?" అన్నాడు బ్యాండు మాస్టారు. "ఆట ఆపేద్దాం."

"ఆపితే కుర్చీలు విరగ్గొడతారు మాస్టారూ. మొదట విరిగేది మీ పియానోనే" అన్నాడు డైరెక్టరు. బేబీకి అతను సొంత అన్నయ్య.

మూల నిలబడి గౌను ఇస్త్రీ చేస్తున్న అతని భార్య తల ఎత్తలేదు. "నేను చేస్తాను" అంది.

ఆ నాటకాల కంపెనీలో అందరికీ ఆమె వదినే. బేబీకి వరసకి వదిన, మిగతావాళ్లకి అలవాటుకి వదిన. బట్టలు కుట్టడం, వాటికి పట్టిన చెమట వాసన వదిలించడం, ఆట నడుస్తుండగా తెర పక్కన నిలబడి నాయికకు గౌను మార్చడం ఆమె పని. పెళ్లికి ముందు అతను, "నా తర్వాతి నాటకంలో నాయికవి నువ్వే" అన్నాడు. పెళ్లయ్యాక, "ఈ ఒక్కసారికీ బేబీని చేయనీ, చిన్నపిల్ల సరదా పడుతోంది" అన్నాడు. ఆ చిన్నపిల్ల తలకి ఇప్పుడు రంగు వేస్తున్నది కూడా వదినే.

"నువ్వా?" అన్నాడు డైరెక్టరు.

"ప్రతి మాటా వచ్చు. అడుగులన్నీ వచ్చు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా వచ్చు."

బేబీ బుగ్గ పట్టుకుని, "వదినకి వచ్చన్నయ్యా" అని ముద్దముద్దగా అంది. "నేను మర్చిపోతే అందించేది తనేగా."

వేరే దారి లేదు కాబట్టి అతను ఒప్పుకున్నాడు. బేబీ గౌను వదినకి నడుము దగ్గర బిగుతైంది. విప్పి కుట్టడానికి ఆమె ఇంకెవరినీ రానివ్వలేదు. కుడుతూ, "బాగా వస్తే ఈ నాటకం వరకూ నాకే వదిలేస్తారా?" అని అడిగింది.

"ముందు ఇవాళ్టి గండం గట్టెక్కనీ" అన్నాడతను. కాదనలేదు కదా అనుకుంది ఆమె. దారాన్ని పంటితో కొరుకుతూ ఆ మాటనే పదిలంగా దాచుకుంది.

నాటకంలో నాయిక పెద్దింట్లో పనిమనిషి. యజమానురాలు ఊళ్లో లేనప్పుడు ఆమె గౌను తొడుక్కుని, ఇల్లు తనదేనని వచ్చిన అతిథిని నమ్మిస్తుంది. "ఇంత పెద్ద ఇల్లూ మీదేనా?" అని అతిథి అడుగుతాడు. "నాది కాకపోతే రోజూ తుడిచేదెవరండీ?" అనేసి, నోరు జారినందుకు చేత్తో మూతి మూసుకుంటుంది. హాలు గొల్లున నవ్వుతుంది. ఆ నవ్వు దిగగానే బ్యాండు మాస్టారు పాట ఎత్తుకుంటాడు. ఆ కంపెనీలో పాటలన్నిటికీ గుర్తు అదే. మాట కాదు, అడుగు కాదు, హాలు నవ్వి ఊపిరి పీల్చుకునే క్షణం.

వదిన ఆ మాట తడబడకుండా అంది. చేత్తో మూతి మూసుకుంది. బేబీ ఎంతసేపు ఆగేదో సరిగ్గా అంతసేపు ఆగి, బేబీ లాగే జడపిన్ను సర్దుకుంది.

ఎవరూ నవ్వలేదు.

నవ్వు దిగితే గానీ మాస్టారు మీట నొక్కడు. మాస్టారు మీట నొక్కితే గానీ ఆమె కదలదు. మాస్టారు ఆమె వైపు చూశాడు, ఆమె మాస్టారి వైపు చూసింది. ఎదురుగా చీకట్లో అన్ని ముఖాలు. ఎక్కడో ఎవరో దగ్గారు. ఆమె మళ్లీ పిన్ను సర్దుకుంది. అతిథి వేషం వేసినతను పెదవులు కదపకుండా, "కానీ వదినా, కానీ" అన్నాడు. ఆమెకి వినపడింది. అయినా ఏం చేయాలో తెలియలేదు. ఆమె నేర్చుకున్న పాత్రలో ఆ చోట నవ్వు ఉంది.

"ఏంటమ్మా, ఇంకా ఎవరైనా రావాలా?" అని వెనక వరసలోంచి ఒకడు అరిచాడు.

హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వు దిగింది. ఇన్నాళ్ల అలవాటు కొద్దీ మాస్టారి వేళ్లు పాట ఎత్తుకున్నాయి.

రెండో హాస్యం దగ్గరా అంతే. మూడోసారికి జనం ఆమె మాటలు వినడం మానేసి, ఆమె ఎప్పుడు ఆగుతుందా అని కాచుకున్నారు. ఆగగానే నవ్వారు. పాట మాత్రం ఆమె చక్కగానే పాడింది. అది ఎవరూ గమనించలేదు.

తెర పడ్డాక డైరెక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తిడతాడనుకుని ఆమె తల వంచుకుంది.

"అదిరిపోయింది!" అన్నాడు. "ఆ ఆగడం ఉంది చూడూ, ఇన్నేళ్లలో ఇలాంటి నవ్వు వినలేదు. ఉంచేద్దాం."

ఆమె తల ఎత్తింది. "అయితే రేపు కూడా..."

"రేపటికి వాపు తగ్గిపోతుందట. బేబీకి నేర్పెయ్."

మర్నాడు పొద్దున ఖాళీ హాల్లో రిహార్సల్ పెట్టారు. డైరెక్టరు కిందికి దిగి ముందు వరసలో కూర్చున్నాడు. "ఏదీ, నిన్న చేసినట్టే చెయ్" అన్నాడు భార్యతో. ఆమె చేసింది. అతను ముందుకి వంగి, ఆమె చేతులనీ, మెడనీ, కళ్లనీ ఒక్కొక్కటిగా చూశాడు. పెళ్లయ్యాక అతను ఆమెని అంత శ్రద్ధగా చూడడం ఇదే మొదలు.

"చాల్లే, దిగు. ఇప్పుడు బేబీ."

ఆమె దిగి అతని పక్క కుర్చీలో కూర్చుంది. గౌను మార్చే పని ఉండడంతో ఆమె ఏనాడూ ఆ నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూడలేదు. తెర పక్కనుంచి కనిపించేది బేబీ ఎడమ చెవి, ఎడమ బుగ్గ, సగం నవ్వు. ఇప్పుడు బేబీ, "నాది కాకపోతే రోజూ తుడిచేదెవరండీ?" అని మూతి మూసుకుని, ఎప్పటిలాగే కుడి కన్ను హాలు వైపు చిన్నగా గీటింది.

ఇన్నాళ్లూ జనం నవ్వింది ఆ కన్నుకి.

తర్వాత బేబీ ఆగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి చీకట్లోకి చూసింది. పిన్ను సర్దుకుంది. డైరెక్టరు పడీ పడీ నవ్వి, తొడ మీద చరుచుకున్నాడు. పియానో దగ్గర మాస్టారు మాత్రం తల తిప్పుకున్నాడు. తన ముఖం నిన్న అలా ఉందన్నమాట అనుకుంది వదిన.

"కరెక్టేనా వదినా?" అని బేబీ పైనుంచి అడిగింది. వెక్కిరింపు లేదు. నిజంగానే నేర్చుకుందామని అడిగింది.

వదిన గొంతు సవరించుకుంది. "కాదు. నువ్వు నవ్వరని తెలిసే ఆగుతున్నావ్. తెలియకూడదు. ఇప్పుడు నవ్వుతారు, ఇదిగో నవ్వేస్తారు అనుకుంటూ నిలబడాలి."

"అబ్బ!" అన్నాడు డైరెక్టరు. "విన్నావా బేబీ? అదీ పాయింటు. మళ్లీ!"

బేబీ మళ్లీ చేసింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

వదిన లేచి తెర పక్కకి వెళ్లింది. సాయంత్రం బేబీకి వదులు కాకుండా, గౌను నడుము విప్పి మళ్లీ లోపలికి మడిచి కుట్టాలి.