తనిఖీ కారు హారన్

నేను ఒక కారు హారన్‌ని. అరవడం తప్ప మరో విద్య రాదు. ఆ ఒక్క విద్యతోనే ప్రసూతి సేవల పరిశీలన సమితిలో పాతికేళ్లు నెట్టుకొచ్చాను. పురిటికి వెళ్లిన చెల్లెలు ఆసుపత్రి మురికి వల్ల సెప్టిక్ అయి చనిపోతే, ఆ దుఃఖంతో డాక్టర్ శేషారత్నం గుంటూరులో పెట్టిన సంస్థ అది. లాభాపేక్ష లేనిది. సభ్యులకు మర్యాదాపేక్ష మాత్రం దండిగా ఉండేది. వారిలో సగం మంది నర్సింగ్‌హోముల యజమానులే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టన్నమాట.

ఏ ఊరి పొలిమేర చేరినా డ్రైవర్ మస్తాన్ నన్ను గట్టిగా మోగించేవాడు. సమితి వస్తోందని తెలియాలిగా! మేం వెళ్లేసరికి వార్డు మల్లెపువ్వులా ఉండేది. నా గొంతులో అంత మహిమ ఉందని నేనూ మురిసిపోయాను.

ఒకరోజు తనిఖీ ముగించి వస్తుంటే, శేషారత్నం మేడమ్‌కు కళ్లజోడు నర్సింగ్‌హోములోనే మరిచిపోయినట్టు గుర్తొచ్చింది. కారు వెనక్కి తిప్పారు. గోతిలో పడి నా వైరు ఊడింది. చడీచప్పుడు లేకుండా వెళ్లి వార్డు కిటికీ పక్కన ఆగాం.

లోపల ఆయా ఒక బాలింత కింద నుంచి తెల్లదుప్పటి లాగుతోంది. కింద రక్తం మరకల పాతదుప్పటి.

"ఏం చేస్తున్నావు?" అన్నారు మేడమ్.

"ఇయ్యి తనికీ దుప్పట్లండి. తమరెల్లినాక తీసి బీరువాలో పెట్టమన్నారు."

బాలింత జ్వరంతో కాలిపోతోంది. మేడమ్ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, చనిపోయిన చెల్లెలి పేరు పలికారు. వెంటనే ఆమెను కారులో పడుకోబెట్టి గుంటూరు పెద్దాసుపత్రికి బయలుదేరారు. దారి నిండా గేదెలు. నేను నిజంగా పనికిరావలసిన పూట మూగనయ్యాను. మస్తాన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండయ్యా! బాలింత!" అని గొంతు చించుకున్నాడు. ఆ బాలింత బతికింది. నాకు సిగ్గేసింది.

"హారన్ బాగుచేయించమంటారా అమ్మా?" అన్నాడు మస్తాన్ మర్నాడు.

"చేయించు. బండిలో రోగి ఉంటే మోగించు. మనమే ఉంటే వద్దు."

అప్పటినుంచి చెప్పాపెట్టకుండా వెళ్లేవాళ్లం. నివేదికల్లో నిజాలు రాసేసరికి, కడుపులో చల్ల కదలకుండా బతికిన సభ్యులకు ఒళ్లు మండింది. తర్వాతి ఎన్నికల్లో మేడమ్‌ను ఓడించి ఒక నర్సింగ్‌హోము యజమానిని అధ్యక్షుణ్ణి చేశారు. నేను షెడ్డులో పాత టైర్ల మీదికి చేరాను.

కొత్త కారుకు సైరన్ పెట్టారు. పక్క ఊరికి కూడా వినిపిస్తుందట. మంచిదే. బీరువా తాళం వెతుక్కోవడానికి ఆయాలకు ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది.