అవ్వ పక్కన చోటు

రాజకుమారికి తన తలలో పేలు పడ్డ సంగతి ఇంట్లో అందరికంటే ముందే తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ప్రార్థనకు కప్పుకునే కొంగును పొద్దస్తమానం తల మీదే ఉంచుకోవడం మొదలుపెట్టింది. దురద పుడితే పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా రెండు చేతులా గోక్కుని వచ్చేది. కోడలు సుసన్నా దాన్ని భక్తి అనుకుంది. ముసలివాళ్ల భక్తిలో ఇట్లాంటివి కొన్ని ఉంటాయి, కొంగెత్తి చూసేవాళ్లు లేక సాగిపోతుంటాయి.

ఆమె భయమల్లా ఒక్కటే. మనవరాలు ఎవాంజెలిన్ పాలు మరిచినప్పటి నుంచీ ఆమె పక్కలోనే పడుకుంటుంది. ఇప్పుడు మూడో తరగతి. అవ్వ మెడ మీద చెయ్యి వేస్తే గాని ఆ పిల్లకు నిద్ర రాదు, ఆ చెయ్యి పడితే గాని అవ్వకూ రాదు. పేల సంగతి బయటపడితే ఆ పక్క పోతుంది, వెనకే మంచమూ పోతుంది. ఎక్కడికి పోతుందో కూడా ఆమెకు తెలుసు. క్వార్టరు వెనక, గని కంపెనీ ఇచ్చే బొగ్గు పోసుకునే రేకుల షెడ్డులోకి.

అందులోకి ఒక మంచం ఇదివరకే పోయింది. ఆమె భర్త ఎడ్వర్డ్ గోదావరిఖని గనుల్లో ఏళ్ల తరబడి దిగి, దగ్గుతో ఇంట్లో కూలబడ్డప్పుడు వాడంతా టీబీ అన్నారు. కొడుకు దయాసాగర్ అప్పటికి బడికి పోయే పిల్లాడు. వాడికెక్కడ అంటుకుంటుందోనని రాజకుమారే మొగుడి కంచం, చెంబు, మంచం వేరు చేసింది. కొన్ని రోజులే అని చెప్పింది. ఎడ్వర్డ్ సరే అన్నాడు. ఆ రేకుల కింద ఎండకు ఉడికి, వానకు తడిసి, చలికి వణికి అక్కడే పోయాడు. అది బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చిన రోగమనీ, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదనీ తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పిల్లాడు పెద్దయ్యాక తండ్రి ఉద్యోగం అతనికి వచ్చింది. రాజకుమారి మాత్రం మళ్ళీ ఆ షెడ్డులో అడుగుపెట్టలేదు. ఈ కథంతా ఎవాంజెలిన్‌కు తెలుసు. పక్కలో పడుకోబెట్టుకుని అవ్వే చెప్పింది.

బళ్ళో టీచరు ఒకరోజు ఎవాంజెలిన్ జడ ఎత్తి చూసి, తల బాగుచేసి పంపమని ఇంటికి పంపింది. సుసన్నాకు తల కొట్టేసినట్టయింది. దవాఖానకు పోయి మందు తెచ్చింది. ఇంట్లో అందరూ ఒకే రోజు పెట్టుకోవాలని నర్సు చెప్పిందంటూ సీసా పట్టుకుని అత్త దగ్గరికి వచ్చింది. రాజకుమారి కొంగు బిగించుకుని, ముసలి నెత్తురు పేలకు చేదనీ, తెల్లవెంట్రుకల్లో అవి నిలవవనీ చెప్పింది. అత్త మాటకు ఎదురు చెప్పడం సుసన్నాకు అలవాటు లేదు. సీసా వెనక్కి పోయింది.

పిల్ల తల శుభ్రపడింది. కొన్నాళ్లకే మళ్ళీ మొదటికొచ్చింది. తడి జుట్టును పాయలు పాయలుగా తీసి పేల దువ్వెనతో దువ్వింది సుసన్నా. దుప్పట్లు, దిండు గలీబులు మసిలే నీళ్లలో ఉడకబెట్టింది. పగలు తీసినవి తీసినట్టే రాత్రి అవ్వ పక్కలో మళ్ళీ ఎక్కుతున్నాయి. సుసన్నా అనుమానం పక్క క్వార్టరు అనసూర్య బిడ్డ మీదికి పోయింది. ఆ పిల్లతో ఆడినందుకు ఎవాంజెలిన్‌ను కొట్టింది. ఎవరి దగ్గర అంటించుకున్నావని అడిగింది, చెప్పలేదని ఇంకో రెండు వేసింది. పిల్ల ఏడ్చింది గానీ ఎవరి పేరూ చెప్పలేదు.

లోపల మంచం మీద రాజకుమారి ఆ దెబ్బలన్నీ విన్నది. లేచి ఒక్క మాట అంటే ఆగేవి. లేవలేదు. అది ఎంత పాపమో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి పోకుండా కూర్చున్న చోటే కూర్చుండిపోయింది.

టీచరు మళ్ళీ కబురు పెట్టేసరికి సుసన్నా ఓపిక అయిపోయింది. మంగలిని పిలిపించింది. నడుము దాకా వచ్చిన జుట్టు, అవ్వ రోజూ నూనె రాసి అల్లిన జుట్టు. రాజకుమారి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇప్పుడు చెబుదాం, ఇదిగో ఇప్పుడు చెబుదాం అనుకుంటుండగానే తల బోడయింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంటారు. ఈ ఇంట్లో పెత్తనమిచ్చింది అవ్వ, గొరిగింది మనవరాలి తల. వాడ పిల్లలు చుట్టూ చేరి ఏ దేవుడికి మొక్కి తలనీలాలిచ్చావని అడిగారు. చర్చికి పోయే ఇంటి పిల్ల ఏం చెబుతుంది? తల దించుకుని లోపలికి వచ్చి, అవ్వ మంచమెక్కి కొంగులో దూరింది.

"ఇగ ఫికర్ లేదవ్వా," అంది మెల్లగా. "గుండు మీద పేన్లు నిలువయ్. నీ పక్కలనే పండుకుంట."

రాజకుమారి పిల్ల వైపు తిరిగింది. ఎట్ల తెలుసు బిడ్డా అని అడిగింది.

"నీ తెల్లెంటికల మీద నడుస్తుంటే చూసిన. అమ్మకు చెప్పలే. చెప్తే నిన్ను గూడ తాత లెక్క బొగ్గుల షెడ్డుల పండవెడ్తరు గద."

ఆ చిన్న వీపు మీద పడ్డ దెబ్బలు ఇప్పుడు రాజకుమారికి తగిలాయి. లేచి పెరట్లోకి పోయింది. బట్టలు ఉతుకుతున్న కోడలి ముందు కూర్చుని కొంగు తీసేసింది.

"నా తల సూడు సుసన్నా."

సుసన్నా చేతులు తుడుచుకుని పాపిడి విడదీసింది. ఎక్కడ విడదీస్తే అక్కడ ఈపులు. చేతులు ఆగిపోయాయి.

"మంచం నేనే జరుపుకుంట," అంది రాజకుమారి. "షెడ్డు కొంచెం ఊడ్చియ్యి."

"నిన్నెవలు పొమ్మన్నరత్తమ్మా?" అంది సుసన్నా. "ఎవ్వర్నీ వేరు పండవెట్టే పనే లేదని నర్సు ఆ రోజే చెప్పింది. అందరం ఒక్కటేసారి మందు పెట్టుకుంటె పోతయన్నది. గింత దానికి నా బిడ్డను గొడ్డును కొట్టినట్టు కొడితి."

ఆమె లోపలికి పోయి సీసా, దువ్వెన తెచ్చింది. అత్త తల వంచి మందు రాసింది. ఆ చేతుల్లో కోపముంది, అయినా రాస్తూనే ఉంది. ఎవాంజెలిన్ వచ్చి అవ్వ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. వంచిన తల కింద నుంచి రాజకుమారికి రేకుల షెడ్డు తలుపు కనిపిస్తోంది.

"ఆయనను గూడ వేరు పండవెట్టే పని లేకుండె," అంది.

ఎవర్నని సుసన్నా అడగలేదు. పాయ తీసి దువ్వుతూ ఉండిపోయింది.