కరుణాకరం మునిగిన నీళ్లు

బోరు పైపును ట్యాంకరు నోట్లో దూర్చి, మౌలా సాహెబ్ రేకు మీద అరచెయ్యి ఆనించాడు. లోపల నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ చల్లదనమే చెబుతుంది. బక్కపలచని మనిషి. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరగడంతో పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, అయినా నవ్వడానికి ఏనాడూ మొహమాటపడలేదు. మోకాళ్లు సరిగా వంగవు. ట్రాక్టరెక్కి, కుడికాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

చిన్నప్పుడు దొనకొండ దగ్గర పల్లెలో ఎద్దులబండి మీద పీపా పెట్టుకుని నీళ్లు తోలినవాడు. మార్కాపురం వచ్చాక ఈ ట్యాంకరు. పెళ్లిళ్లకూ, దినాలకూ, స్లాబులకూ, ఉరుసుకూ, తిరునాళ్లకూ ఆయన నీళ్లే. ఎవరిదైనా ఇల్లు చెబితే ముందు వాళ్ల తొట్టి గుర్తొస్తుంది, తర్వాతే మనుషులు.

ఆ పొద్దున మొదటి ట్యాంకరు మూతబడ్డ పలకల కార్ఖానాకు. అక్కడి వాచ్‌మన్ కరుణాకరం మోర్మన్లనే క్రైస్తవ సంఘంలో కలుస్తున్నాడు. "పాత సిమెంటు తొట్టి నిండాల మామా. బాప్తిస్మానికి నేను నిలువునా మునగాల" అని నిన్ననే చెప్పిపోయాడు.

తొట్టి దగ్గర తెల్లబట్టల్లో ఆ సంఘం ప్రచారానికి తిరిగే కుర్రాళ్లిద్దరు నిలబడి ఉన్నారు. ఒకతను రాజమండ్రి వాడు. రెండో అతన్ని కరుణాకరం ముందుకు తెచ్చాడు.

"ఈయన ఎల్డర్ నాయుడు, మామా. ఫిజీ దీవి. ఎల్డరంటే పెద్దాయనని."

మౌలా సాహెబ్ ఆ లేత మొహాన్ని పరకాయించి చూశాడు. "పెద్దాయనకు ఇంకా మీసమే రాలేదే."

అందరికంటే గట్టిగా నవ్వింది నాయుడే. తొట్టి నిండుతుండగా తనకొచ్చిన తెలుగులో కబుర్లు చెప్పాడు. వాళ్ల ముత్తాత చెరుకు కొట్టడానికి ఓడెక్కి పోయాడట. ఈ మతం అమెరికాలో పుట్టిందట. అక్కణ్ణించి టోంగా అనే దీవికి పోయిందట. ఆ దీవి వాళ్లిద్దరు ఫిజీ వచ్చి, చెరుకుతోటల వెంబడి నడిచి, వాళ్ల జేజికి చెప్పారట. "ఇప్పుడు నేను ఇక్కడికి వచ్చినాను, తాతా. రెండేళ్ల సేవ అయిపోయింది. ఈరోజు రైలుకు మా ఊరు పోతాను."

"చేతులు మారుకుంటా మార్కాపురం దాకా వచ్చిందన్నమాట" అన్నాడు మౌలా సాహెబ్.

నాయుడు కరుణాకరాన్ని తొట్టిలోకి దింపి, చెయ్యెత్తి ప్రార్థన చెప్పి, వెనక్కి వాల్చి ముంచాడు. గట్టు మీంచి రాజమండ్రి కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

"కాలి బొటనవేలు తేలింది. వెంట్రుకతో సహా మునగాలి. మళ్లీ."

రెండోసారి మోకాలు తేలింది. మూడోసారికి మునిగేన్ని నీళ్లే లేవు. తొట్టి మూలన పగులు. నీళ్లన్నీ పలకల చెక్కుల్లోకి ఇంకిపోతున్నాయి. కరుణాకరం మోకాటిలోతు నీళ్లలో చతికిలబడ్డాడు.

"ఇంత పొడుగు పుట్టడం నా తప్పా మామా?"

నాయుడు గట్టు మీంచి తడిచేత్తో ఫోను తీసి టైము చూసుకున్నాడు. మళ్లీ కరుణాకరం వైపు చూశాడు. ఆ చూపు చూసి మౌలా సాహెబ్ ట్రాక్టరెక్కాడు.

రెండో ట్యాంకరు పద్మమ్మది. ఆమె కోడలికి ఈరోజు శ్రీమంతం. చెప్పకుండా దారి మళ్లించడం ఆయనకు చేతకాదు. నింపుకుని నేరుగా ఆమె వాకిట్లో ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మునిగేదానికా?" అంది పద్మమ్మ.

"మునిగినాడు. వేలు మునగలా."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది. లోపల్నించి కోడలు పొట్ట పట్టుకుని వచ్చి, సంగతి విని తనూ నవ్వింది.

"పోయి పోసిరా మౌలన్నా. ముత్తైదువలు రావడానికి ఇంకా పొద్దుంది. ఆ వేలు మునిగినాక మాకు తే."

కార్ఖానాలో ఆయన ట్రాక్టరు దిగి, వంగని మోకాళ్లతోనే తొట్టిలోకి దిగి, తలగుడ్డ తీసి పగుల్లో కుక్కాడు. ఈసారి నీళ్లు గట్టుదాకా నిలిచాయి. నాయుడు మళ్లీ చెయ్యెత్తాడు. కరుణాకరం మునిగాడు. ఒక్క క్షణం తొట్టిలో నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. తనెందుకు ఊపిరి బిగబట్టాడో మౌలా సాహెబ్‌కు తెలియదు. అంత మనిషీ నీళ్లు చిమ్ముకుంటూ లేచేసరికి, రాజమండ్రి కుర్రాడు రెండు చేతులూ పైకెత్తాడు.

కరుణాకరం ఏడుస్తూ నవ్వాడు. నాయుడు తడిబట్టలతోనే వచ్చి మౌలా సాహెబ్‌ను వాటేసుకున్నాడు.

"మా ఊరికి రా తాతా. ఎటు చూసినా నీళ్లే."

"అట్లాంటి ఊర్లో నాకేం పనుంటాది నాయనా?"

ఆటో వచ్చింది. పొడిబట్టలు కట్టుకుని, పెట్టె పైన కట్టించి, నాయుడు ఎక్కి కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా చెయ్యి బయటే ఉంది. ఆ తర్వాత దుమ్ము మిగిలింది.

మౌలా సాహెబ్ పైపు చుట్టబోతూ పలకల దొంతి వైపు చూసి గతుక్కుమన్నాడు. "ఆ పిల్లోడు బూట్లు మర్చిపోయినాడే."

"మర్చిపోలే మామా, ఇడిసిపెట్టి పోయినాడు. రెండేళ్లు నడిచినాయి, ఇంక నడవవంట. చెప్పులతో పోయినాడు."

ఆయన తలూపి, కాలెత్తి పెట్టుకుని, పద్మమ్మ నీళ్ల కోసం బండి కదిలించాడు. దొంతి మీద ఆ నల్లబూట్లు పక్కపక్కనే ఉన్నాయి, మడమలు ఒక వైపుకు అరిగిపోయి, లేసులు జాగ్రత్తగా లోపలికి మడిచిపెట్టి.