డబుల్ బెల్

ఉదయం ఆరింటికి జైలు గేటు తెరిచారు. షరతుల్లేని క్షమాభిక్ష కింద విడుదలైనవాళ్లు సంచులు పట్టుకుని బయటికి వచ్చారు. ఆ సమయానికి డ్రైవరు ఇనప కడ్డీతో బస్సు వెనక టైర్లు కొట్టి గాలి చూసుకుంటున్నాడు. వాళ్లు దగ్గరికి వచ్చినా కొట్టడం ఆపలేదు. అన్ని టైర్లూ అయ్యాక కడ్డీని సీటు కింద దోపి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వాళ్లను ఇళ్ల దగ్గర దింపే ఈ డ్యూటీకి డిపోలో ఎవరూ ఒప్పుకోలేదు. అతను అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ సంగతి రాత్రి చెప్పగానే భార్య కంచం ముందు నుంచి లేచింది.

"మా తమ్ముణ్ణి తగలబెట్టినోళ్లని బస్సెక్కించుకుని ఊరేగిస్తావా? సిగ్గులేదూ?"

"తలుపు ఆ పంచర్లవాడే పట్టుకున్నాడని వాడి నోటితోనే నీకు చెప్పిస్తానే."

"చెప్పించు. అదీ చూస్తాను."

పదకొండేళ్ల కిందట, ఊళ్లో రెండు పక్షాల మధ్య గొడవలు ముదిరిన రోజుల్లో, బజారు వీధిలో అతని బస్సును ఆపి వెనక భాగానికి నిప్పు పెట్టారు. కండక్టరు అతని బావమరిది. ప్రయాణికులను దింపేసి, ఎవరైనా మిగిలారేమోనని మళ్లీ లోపలికి వెళ్లాడు. తిరిగి బయటికి రాలేదు. డ్రైవరు క్యాబినుకూ లోపలికీ మధ్య ఇనప జాలీ ఉంది. డ్రైవరు తన వైపు తలుపు తీసుకుని దూకాడు. వెనక తలుపు తెరుచుకోకుండా బయట నుంచి పట్టుకున్నది వీధి మొగలో పంచర్లు వేసేవాడని పోలీసులకు చెప్పాడు. భార్య నమ్మలేదు. తమ్ముణ్ణి మంటల్లో వదిలేసి పారిపోయాడనే అంది. తీర్పు వస్తే నమ్ముతుందని అతను ఎదురుచూశాడు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. పోయిన నెల రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరింది. కేసులన్నీ కొట్టేశారు. ఎవరూ నేరం ఒప్పుకోనక్కర్లేదు, క్షమాపణ చెప్పనక్కర్లేదు అన్నారు. తీర్పు ఇక రాదు.

పంచర్లవాడు చివర ఎక్కాడు. జుట్టు సగం నెరిసింది. కండక్టరు సీట్లో కూర్చున్నాడు.

"అందులో కాదు," అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ.

"టికెట్లే లేవు, ఇంక కండక్టరెక్కణ్ణుంచి వస్తాడు?"

"లే."

వాడు లేచి నిలబడ్డాడు. ఇంజను ఆడుతోంది. బస్సు మాత్రం కదల్లేదు.

"ఏం పెద్దాయనా, మనసు మారిందా? గేటింకా తెరిచే ఉంది, మళ్లీ లోపలికి తోలెయ్యి," అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు.

తన సర్వీసులో కండక్టరు పొమ్మని రెండు బెల్లులు కొట్టకుండా అతను బండి కదిల్చింది లేదు. డిపోలో అతన్ని పిలిచేదే డబుల్ బెల్ అని. ఇవాళ బెల్లు కొట్టే మనిషి లేడు. ఆ సంగతి సీట్లో కూర్చునేదాకా అతనికి తట్టలేదు.

పంచర్లవాడు చెయ్యి పైకెత్తి తాడు రెండుసార్లు లాగాడు. డ్రైవరు కాలు దానంతటదే క్లచ్ వదిలింది.

దారి పొడవునా ఒక్కొక్కరే దిగారు. కొందరి కోసం ఇంటివాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. ఒకచోట ఎవరో బస్సు మీదికి రాయి విసిరారు, అద్దం పగల్లేదు. చివరికి పంచర్లవాడు ఒక్కడే మిగిలాడు. ముందుకు వచ్చి జాలీ వెనక కూర్చున్నాడు.

"ఎక్కిన కాణ్ణుంచి అద్దంలో నన్నే చూస్తున్నావు. అడిగేదేదో అడుగు."

"తలుపు పట్టుకుంది నువ్వేనా, కాదా?"

"నేనే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని డ్రైవరు అనుకోలేదు. బండి వేగం తగ్గింది.

"మా ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకు చెప్పు."

"నాకేం ఖర్మ? ఎవడికీ ఏం చెప్పక్కర్లేదని సర్కారే అంది కదా."

"వస్తావా, రావా?"

వాడు జాలీ మీదికి వంగాడు. "వస్తా. కానీ సగం చెప్పను. చెప్తే మొత్తం చెప్తా."

"మొత్తం అంటే?"

"బెల్లు సంగతి. నేను తలుపుకు వేలాడుతున్నా. లోపల్నుంచి మీవాడు రెండు బెల్లులు కొట్టాడు. కాసేపాగి మళ్లీ రెండు కొట్టాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ఇప్పుడు పోనిస్తాడు, నేను కింద పడతాను, వాడు బతికిపోతాడు అనుకున్నా. నువ్వు పోనివ్వలా. దూకేశావు. అదీ చెప్పమంటావా మీ ఆవిడకి?"

పెట్రోలు బంకు దాటాక ఎడమకు తిరిగితే డ్రైవరు ఉండే వీధి. బస్సు తిన్నగా పోయింది. ఆఖరి స్టాపులో ఆగింది.

"ఇల్లెక్కడో చెప్పు, నడిచొస్తా," అన్నాడు పంచర్లవాడు.

"దిగు."

"వద్దా?"

"దిగరా! బండి డిపోకి పోవాలి."

వాడు సంచి భుజాన వేసుకున్నాడు. "అంతేలే. క్షమాభిక్ష నీక్కూడా వర్తిస్తుందన్నమాట," అని దిగిపోయాడు.

డ్రైవరు బండి అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి భార్య కుట్టు మిషన్ ముందు ఉంది. తల ఎత్తలేదు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అసలు అడిగావా?"

"అడిగాను. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదన్నాడు."

ఆమె కాలు ఆగింది. మిషన్ చక్రం ఇంకొక చుట్టు తిరిగి నిలిచింది.

"ఇన్నేళ్లూ తీర్పు, తీర్పు అని కూచోబెట్టావు నన్ను," అంది. "నువ్వు పరిగెత్తావు. అంతే కదయ్యా?"

అతను తువ్వాలు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లాడు. నీళ్లు నిండుతున్న చప్పుడులో వీధి తలుపు తీసిన చప్పుడు వినబడలేదు. బయటికి వచ్చేసరికి గోడ మీద బావమరిది ఫోటో లేదు. ఆమె పెట్టె పట్టుకుని వాళ్ల అన్నగారింటికి వెళ్లిందని, మళ్లీ ఎప్పుడొస్తావంటే ఇక రానందని పక్కింటావిడ చెప్పింది.

మిషన్ మీద అతని ఖాకీ చొక్కా ఉంది. చిరిగిన జేబు సగం దాకా కుట్టి ఉంది. సూది గుడ్డలో దిగి ఉంది.